ఇంట్లో రీఫ్ ట్యాంకు: నీటి ప్రవాహానికి ఏది, వడపోతకు ఏది?

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. నాలుగు అడుగుల ట్యాంకు ఒకటి తీసుకుందాం. పొడవు 120 సెంటీమీటర్లు, వెడల్పు 50, ఎత్తు 50. కొలత ప్రకారం 300 లీటర్లు. అడుగున ఇసుక, మీద రాళ్లు పేర్చి, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలితే నిజంగా పట్టే ఉప్పునీరు 250 లీటర్ల దగ్గర ఆగుతుంది. హాల్లో ఒక గోడ వారగా ఇమిడే సైజు ఇది. కింద చెప్పే లెక్కలన్నీ ఈ ట్యాంకువే. మీది చిన్నదైతే తగ్గించుకోండి, పెద్దదైతే పెంచుకోండి.

రీఫ్ ట్యాంకు పెట్టాలనుకునే వారిలో చాలామంది మొదట ఆరా తీసేది స్కిమ్మర్ గురించి, అంటే మురికిని నురుగుగా బయటికి తీసే పరికరం గురించి. ఏ కంపెనీది, ఎన్ని లీటర్లకు సరిపోతుంది, ధర ఎంత. ట్యాంకులో నీటిని కదిలించే పంపు, అంటే వేవ్‌మేకర్ మాట చివర్లో వస్తుంది, అదీ చేతిలో మిగిలిన డబ్బును బట్టి. నా ఉద్దేశంలో ఈ వరస తలకిందులు. రీఫ్‌లో అసలు వడపోత జరిగేది రాళ్ల మీద, రాళ్ల లోపల. రాయి పైపొరల్లో, ఆక్సిజన్ అందే చోట, ఒక రకం బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. లోతట్టు రంధ్రాల్లో ఆక్సిజన్ అందని చోట వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఆ రాళ్లకు నీళ్లు అందకపోతే కింద సంప్‌లో (ట్యాంకు కింద ఉండే రెండో తొట్టెలో) ఎంత ఖరీదైన సామాను పెట్టినా దండగే. డబ్బు చాలకపోతే వడపోత సామానులో తగ్గించుకోండి, ప్రవాహంలో మాత్రం తగ్గించకండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో తన పద్ధతి గురించి రాశాడు. సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్లు, కొద్దిగా గాలిబుడగలు, ఎండ. అంతే, ఫిల్టర్ అనే పెట్టె లేదు. ఆ తర్వాత జర్మనీలో అదే రాళ్లకు బలమైన ప్రవాహాన్ని, స్కిమ్మర్‌ను జోడించారు. బెర్లిన్ పద్ధతి అని పిలిచేది దాన్నే. ఇప్పుడు మనం ఇళ్లలో పెట్టుకునే రీఫ్ ట్యాంకుల్లో ఎక్కువ భాగం దానికి చేసిన మార్పులూ చేర్పులే.

ఎంత ప్రవాహం కావాలి

చేప ఆకలేస్తే తిండి దగ్గరికి ఈదుకుంటూ వెళుతుంది. పగడం వెళ్లలేదు. తిండి, ఆక్సిజన్, అస్థిపంజరం కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, అన్నీ నీరే తెచ్చి ఇవ్వాలి. అది విడిచిన జిగురును, వ్యర్థాన్ని నీరే తీసుకుపోవాలి. పగడం ఒంటికి అంటుకుని కదలని పలుచని నీటి పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ప్రవాహం మందగిస్తే ఆ పొర మందమవుతుంది, ఇచ్చిపుచ్చుకోవడం నెమ్మదిస్తుంది. బయట నీటి పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నా పగడం నీరసించడానికి ఇది తరచుగా కనిపించే కారణం.

అన్ని పగడాలకూ ఒకే జోరు పనికిరాదు. మష్రూమ్‌లు, జోయాంథిడ్‌లు, లెదర్ పగడాలు లాంటి మెత్తటి రకాలు ఉండే ట్యాంకుకు గంటకు ట్యాంకు నీటికి 10 నుంచి 20 రెట్లు కదిలితే చాలు. హామర్, టార్చ్ లాంటి పెద్ద కండ ఉన్నవి కలిస్తే 20 నుంచి 30. అక్రోపోరా, మాంటిపోరాల ట్యాంకుకు 40 రెట్లు, అంతకంటే ఎక్కువ. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంచనాలు మాత్రమే. మన 250 లీటర్లకు ఇవి వరసగా 2,500–5,000 లీటర్లు, 5,000–7,500 లీటర్లు, 10,000 లీటర్ల పైన అవుతాయి.

ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పాలి. మన దేశంలో రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని ఒకటో షెడ్యూల్ రక్షణలో ఉన్నాయి. సీ ఫ్యాన్‌లు, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ పగడం కూడా అంతే. మన సముద్రం నుంచి తీసిన పగడాన్నీ, దానికి అంటుకున్న రాయినీ ఎవరు ఎంత తక్కువకు ఇస్తామన్నా ముట్టుకోకండి. హామర్, టార్చ్, అక్రోపోరా కూడా రాతి పగడాలే. కాబట్టి వాటి గురించి నేను రాసేది డాలస్‌లోనో దుబాయ్‌లోనో ట్యాంకు పెట్టుకుని, అక్కడి నియమాల ప్రకారం పెంపకపు ముక్కలు కొనుక్కునే మనవాళ్ల కోసం అనుకోండి. హైదరాబాద్, విశాఖల్లో ఉన్నవారు కృత్రిమ శిల లేదా సిరామిక్ రాళ్లతో, కాగితాలు సరిగ్గా ఉన్న మెత్తటి పగడాలతో ఆలోచించుకోవడం మేలు. ఒక విధంగా ఇది సుఖం కూడా: ప్రవాహం ఖర్చు సగానికి తగ్గుతుంది.

వేవ్‌మేకర్లలో ఏది

పాతకాలపు పవర్‌హెడ్ పంపులు సన్నని ధారగా కొడతాయి. ధార తగిలిన చోట పగడం చర్మం ఊడుతుంది, తగలని చోట మురికి పేరుకుంటుంది. నీరు కలపడానికో, బకెట్లో ఉప్పు కరిగించడానికో ఉంచుకోండి, ట్యాంకులో వద్దు.

ప్రొపెల్లర్ వేవ్‌మేకర్లు వేరు. ఫ్యాను రెక్కల్లాంటి వాటితో నీటిని వెడల్పుగా తోస్తాయి. తక్కువ కరెంటుతో ఎక్కువ నీరు కదులుతుంది. వీటిలో చవకైనవి ఒకే వేగంతో నడిచే ఏసీ రకం. సన్‌సన్ జేవీపీ లాంటివి మన అక్వేరియం దుకాణాల్లో సులువుగా దొరుకుతాయి. మెత్తటి పగడాల ట్యాంకుకు ఇలాంటివి రెండు, చెరో 2,500 లీటర్లవి, సరిపోతాయి. వీటి లోపం వేగం మార్చలేకపోవడం. ఎక్కువైందనిపిస్తే గాజు వైపో రాయి వైపో తిప్పి జోరు విరగ్గొట్టడమే దారి. వంతులవారీగా నడపాలని వీటిని టైమర్‌కు పెట్టి నిమిషానికోసారి ఆపి మొదలుపెట్టే వారున్నారు. అది వాటికి సరిపడదు, ఇంపెల్లర్ (లోపల తిరిగే రెక్కల చక్రం) త్వరగా అరుగుతుంది. ఆరేడు గంటలకోసారి మార్చుకుంటే ఫర్వాలేదు.

కంట్రోలర్‌తో వచ్చే డీసీ వేవ్‌మేకర్లు దీనికి పై మెట్టు. జెబావో లాంటి చైనా కంపెనీలవి అందుబాటు ధరలో ఉంటాయి. వేగం తగ్గించుకోవచ్చు, దానంతట అది మారేలా పెట్టుకోవచ్చు, తిండి వేసేటప్పుడు పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలయ్యే మీట ఉంటుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో కాస్త ఎక్కువ పెట్టదగిన చోటు ఇదే. ఎందుకంటే పగడాలు పెరుగుతాయి. పెరిగిన పగడమే ప్రవాహానికి అడ్డం వస్తుంది. మొదటి ఏడాది సగం వేగంతో నడిపిన పంపును రెండో ఏడాది ముప్పాతికకు పెంచుకునే వీలుండాలి. కాబట్టి అవసరమైన దానికంటే ఒక సైజు పెద్దది కొని, తగ్గించి నడపండి. శబ్దమూ తక్కువ, అరుగుదలా తక్కువ.

మోటారు గాజు బయట, రెక్కలు లోపల ఉండి అయస్కాంతంతో తిరిగే రకం ఎకోటెక్ వారి వోర్‌టెక్. లోపల వైరు ఉండదు, మోటారు వేడిలో ఎక్కువ భాగం గదిలోకి పోతుంది, నీటిలోకి రాదు. మన ఎండలకు ఇది చిన్న లాభం కాదు. కానీ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. మిగతా సామాను మొత్తం ఖర్చుకు దగ్గరగా రెండు పంపులకే అయిపోవచ్చు. మాక్స్‌పెక్ట్ జైర్ లాంటి అడ్డంగా తిరిగే రకం ఇంకో దారి. సన్నని గొట్టంలాంటి రెక్క తిరుగుతూ నీటిని పొడవాటి పలకలా తోస్తుంది. ఆ పలక ట్యాంకు చివరిదాకా వెళ్లి, గాజుకు తగిలి, అడుగు నుంచి తిరిగి వస్తుంది. 120 సెంటీమీటర్ల పొడవాటి ట్యాంకుకు ఒక్కటి పెట్టినా నీరంతా కదులుతుంది. అయితే రెక్కల చివర ఉండే బుషింగులు అరుగుతాయి, సున్నం పేరుకుంటే చప్పుడు మొదలవుతుంది. నెలకోసారి విప్పి కడిగే ఓపిక ఉంటేనే దీన్ని తీసుకోండి.

అలల మోడ్ గురించి కూడా ఒక మాట. పంపును సరైన లయలో కొట్టిస్తే నీరంతా ఉయ్యాలలా ఊగుతుంది. ఇంటికొచ్చిన వారికి చూపించడానికి బాగుంటుంది, పగడాలకూ మంచిదే. కానీ అంచుల మీద నీరు చిమ్మి ఉప్పు పేరుకుంటుంది, స్టాండు సరిగ్గా లేకపోతే అదీ ఊగుతుంది. రోజుకు ఒకటి రెండు గంటలు పెట్టుకుని మిగతా సమయమంతా వేగం తనంతట మారే మోడ్‌లో వదిలేయండి.

అమెరికా నుంచి వచ్చే బంధువుల సూట్‌కేసులో పంపులు తెప్పించుకునే అలవాటు మనకు బాగానే ఉంది. డీసీ పంపు అయితే అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూడండి, ఉంటే చింత లేదు. ఏసీ పంపు మాత్రం వద్దు. అక్కడి 120 వోల్టుల పంపును ఇక్కడ 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా అక్కడి 60 హెర్ట్జ్ మోటారు ఇక్కడి 50 హెర్ట్జ్‌కు ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది.

ఎక్కడ పెట్టాలి

రెండు పంపులు ఎదురెదురు గాజులకు పెట్టండి, కానీ ఒకే ఎత్తులో కాదు. ఒకటి నీటి మట్టానికి కాస్త దిగువన, ముందు గాజు వైపు కొద్దిగా తిప్పి. రెండోది సగం ఎత్తులో, రాళ్ల వెనక నుంచి. రెండు ధారలు ట్యాంకు మధ్యలో ఢీకొంటే అక్కడ సుడులు పుడతాయి, పగడాలకు కావలసింది అదే. రాళ్లను గోడలా పేర్చితే ఎంత పంపు పెట్టినా వెనక మురికి నిలుస్తుంది. కింద సొరంగాలు, మధ్య సందులు వదలండి, వెనక గాజుకు అరచేయి దూరేంత ఎడం ఉంచండి. పై పంపు నీటి ఉపరితలాన్ని కూడా కదిలించాలి. ఆక్సిజన్ లోపలికి వచ్చేది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేది అక్కడినుంచే.

సరిపోయిందో లేదో చూడటానికి మీటరు అక్కర్లేదు. గడ్డకట్టిన బ్రైన్ ష్రిమ్ప్ (చేపలకు వేసే చిన్న రొయ్యల్లాంటి తిండి) కరగనిచ్చి, ఆ ముక్కలు చిటికెడు ఒక మూల వేసి, వెలుతురు పక్కనుంచి పడేలా చూసి, అవి ఎటు పోతున్నాయో గమనించండి. ఎక్కడైనా గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగి ఆగిపోతే అది మీ మురికి మూల. ఇక లెదర్ పగడం దగ్గరికి రండి. దాని గొడుగు మీద వెంట్రుకల్లాంటి పాలిప్‌లు ఎప్పుడూ ఒకే వైపు పడుకుని ఉంటే ధార నేరుగా తగులుతోందని అర్థం. ఒకసారి అటు, ఒకసారి ఇటు వంగి, మధ్యలో నిలబడుతుంటే సరిగ్గా ఉంది. అప్పుడప్పుడూ అది ముడుచుకుని మైనం పూసినట్టు మెరిసే పలుచని పొర ఒకటి వదులుతుంది. చచ్చిపోతోందని కంగారు పడకండి. ప్రవాహం చాలినంత ఉంటే ఆ పొర కొన్ని రోజుల్లో చిరిగి కొట్టుకుపోతుంది, లోపలి నుంచి కొత్త పాలిప్‌లు లేస్తాయి. పొర అలాగే అంటుకుని ఉండిపోయి కింద నల్లబడితే మాత్రం పంపును కాస్త ఆ వైపు తిప్పండి. హామర్, టార్చ్‌ల విషయం ఇంకోలా ఉంటుంది. వాటి చేతులు మెల్లగా ఊగాలి. జోరుగా కొడితే కండ అంచుల్లో చిరిగి లోపలి తెల్లటి అస్థిపంజరం బయటపడుతుంది.

సంప్, కానిస్టర్, వెనక అర

వడపోత సామాను ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. మంచినీటి ట్యాంకు నుంచి ఈ వైపు వచ్చినవారి దగ్గర ఇప్పటికే కానిస్టర్ ఫిల్టర్ ఉంటుంది, దాన్నే వాడుకోవాలని చూస్తారు. వాడకూడదని కాదు. కానీ మూత బిగించిన డబ్బాలో స్పాంజి మీద తిండి, రెట్ట చిక్కుకుని కుళ్లుతుంటే నైట్రేట్ పెరుగుతూనే ఉంటుంది. వారం వారం విప్పి కడగాలి, అది ఎవరూ చేయరు. స్కిమ్మర్‌కు అందులో చోటు లేదు. కార్బన్ (నీటిని శుభ్రం చేసే బొగ్గు గుళికలు) వేయడానికి మాత్రం పనికొస్తుంది.

వెనక అరలతో వచ్చే ఆల్ ఇన్ వన్ ట్యాంకులు 100 లీటర్ల లోపు బాగుంటాయి. గొట్టాలు లేవు, నేల మీదికి నీరు పొంగే భయం తక్కువ. అద్దె ఇళ్లలో ఉండేవారికి నేను వీటినే చెబుతాను. మన 250 లీటర్ల సైజుకు వచ్చేసరికి ఆ ఇరుకు అరల్లో మంచి స్కిమ్మర్ పట్టదు, చేయీ పట్టదు. వెనక గాజుకు తగిలించే స్కిమ్మర్ కూడా అలాంటి సర్దుబాటే, సంప్ పెట్టే వీలు లేనప్పుడు.

మిగిలింది సంప్. కింద అరలో ఇంకో గాజు తొట్టె. స్కిమ్మర్, హీటర్, నీటిని చల్లబరిచే చిల్లర్ గొట్టాలు అన్నీ అందులో దాక్కుంటాయి, మొత్తం నీరు పెరుగుతుంది, ఆవిరైన నీటి తేడా పై ట్యాంకులో కనిపించదు. కాబట్టి నాలుగడుగుల ట్యాంకుకు నా ఓటు సంప్‌కే. కానీ ట్యాంకు చేయించేటప్పుడే రంధ్రాల సంగతి తేల్చుకోవాలి. టఫెండ్ గాజుకు తర్వాత రంధ్రం పడదు, ముక్కలవుతుంది.

పై నుంచి కిందికి నీరు దిగే గొట్టాల్లో మూడు పద్ధతులు ఉన్నాయి. ఒకే గొట్టంతో గాలి కలుపుకుని దిగేది డర్సో. తేలిక, కానీ గళగళ చప్పుడు చేస్తుంది. హెర్బీలో రెండు గొట్టాలు. ఒకటి వాల్వుతో సర్దుబాటు చేసి పూర్తిగా నీటితో నిండి నిశ్శబ్దంగా లాగేది, రెండోది మొదటిది మూసుకుపోతే ఆదుకునేది. బీన్ అనిమల్‌లో మూడు. నత్త దూరి ఒక గొట్టం మూసుకుపోయినా, రెండోది చాలకపోయినా నీరు నేల మీదికి రాదు. నిద్రపోయే గది పక్కనే ట్యాంకు ఉంటే హెర్బీ చాలు. తరచుగా ఊళ్లు వెళ్లేవారైతే మూడు గొట్టాలు వేయించండి, అదనపు ఖర్చు ఇంకో రంధ్రం, ఒక పీవీసీ గొట్టమే.

సంప్ నుంచి నీటిని తిరిగి పైకి ఎక్కించే రిటర్న్ పంపు విషయంలో చాలామంది పెద్దదానికి పోతారు. అవసరం లేదు. సంప్ గుండా గంటకు ట్యాంకు నీటికి నాలుగైదు రెట్లు పోతే చాలు, అంటే 1,000–1,250 లీటర్లు. ప్రవాహం పని వేవ్‌మేకర్లది, దీనిది కాదు. పెట్టె మీద రాసిన అంకెను నమ్మకండి. అది ఎత్తు సున్నా ఉన్నప్పటి లెక్క. సంప్ అడుగు నుంచి ట్యాంకు అంచు దాకా ఎత్తు సుమారు మీటరుంపావు. మలుపులు కలిపితే మీటరున్నర అనుకోండి. గరిష్ఠ ఎత్తు 3 మీటర్లు అని రాసిన పంపు ఆ ఎత్తులో దాదాపు సగం నీరే ఇస్తుంది. కాబట్టి 2,500 లీటర్ల పంపు మనకు సరిపోతుంది.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో ముందే లెక్క వేసుకోండి. పంపు ఆగగానే పై నీరు రిటర్న్ గొట్టం గుండా వెనక్కి దిగుతుంది. గొట్టం మూతి నీటి మట్టానికి 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే 120 × 50 × 3, అంటే 18 లీటర్లు సంప్‌లోకి వస్తాయి. మూతి 10 సెంటీమీటర్ల లోతులో ఉంటే 60 లీటర్లు. మీ సంప్‌లో అంత ఖాళీ ఎప్పుడూ ఉండాలి. గొట్టానికి నీటి మట్టం దగ్గర చిన్న రంధ్రం చేసి గాలి లాగేలా పెడతారు, మంచిదే. కానీ అది నాచుతో మూసుకుపోతుంది. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు కూడా ఉప్పు, సున్నం పట్టి ఏదో రోజు మూసుకోవడం మానేస్తుంది. వీటి మీద ఆధారపడకుండా మూతినే పైకి పెట్టండి. మొదటిసారి నీళ్లు నింపిన రోజే ప్లగ్గు పీకి చూసుకోండి.

వడపోత సామానులో ఏది ముందు

స్కిమ్మర్ చేసేది తెలిస్తే ఎంపిక సులువవుతుంది. నీటిలో కరిగిన ప్రొటీన్లు, కొవ్వులు గాలిబుడగ అంచుకు అంటుకుంటాయి. లక్షల సన్నని బుడగలను ఒక గొట్టంలో పైకి పంపితే అవి నురుగై కప్పులోకి పొంగుతాయి. కుళ్లి అమ్మోనియా కాకముందే మురికిని బయట పారేసే పని ఇది, అదే దీని గొప్ప. పైగా నీటికి బాగా గాలి పట్టిస్తుంది. ఉప్పునీటిలో బుడగలు చిన్నవిగా నిలుస్తాయి కాబట్టే ఇది ఇక్కడ పనిచేస్తుంది, మంచినీటి ట్యాంకులో పెద్దగా ఉపయోగపడదు. కంపెనీలు రాసే లీటర్ల అంకెను తక్కువ చేపలున్న ట్యాంకుకు అని చదువుకోండి. మన ట్యాంకుకు 400 లీటర్ల దాకా అని రాసినది తీసుకుంటే సరి. మరీ పెద్దది తీసుకుంటే నురుగు కట్టడానికి చాలినంత మురికి దొరకక తిక్కగా నడుస్తుంది. అది నిలబడే అరలో నీటి మట్టం మారకూడదు, సంప్ అరలు కట్టించేటప్పుడు ఈ సంగతి పనివాడికి చెప్పండి.

రెఫ్యూజియం దారి వేరు. సంప్‌లో ఒక అరలో చీటోమార్ఫా అనే దారపు ఉండలాంటి నాచు పెంచి, దానికి లైటు వేస్తారు. అది నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను తిని పెరుగుతుంది. పిడికెడు తీసి పారేస్తే అవీ దానితో పోతాయి. పై ట్యాంకు లైట్లు ఆరినప్పుడు దీని లైటు వెలిగేలా పెడితే రాత్రిపూట పీహెచ్ పడిపోవడం కూడా తగ్గుతుంది. మెత్తటి పగడాలకు, కొద్ది చేపలకు స్కిమ్మర్ లేకుండా రెఫ్యూజియం ఒక్కటే పెట్టి నడపవచ్చు. చేపలు ఎక్కువైతే, తిండి ఎక్కువ వేసే చేయి మీదైతే స్కిమ్మర్ కావాలి. రెండిట్లో ఒక్కటే అంటే నేను స్కిమ్మర్ అంటాను.

దారిలో మురికిని పట్టే ఫిల్టర్ సాక్ చవక. 200 మైక్రాన్ల సంచి ఒకటి గొట్టం కింద తగిలిస్తే చాలు. మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి. మార్చకపోతే కానిస్టర్ కథే మళ్లీ. గుడ్డ చుట్ట దానంతట అదే తిరిగే రోలర్ ఫిల్టర్ ఈ పని తప్పిస్తుంది. కానీ చుట్టలు కొంటూనే ఉండాలి, ఇక్కడ అన్నిసార్లూ దొరకవు. నాలుగు సాక్‌లు కొని వంతులవారీగా ఉతుక్కోండి, సబ్బు తగలనీయకండి.

కార్బన్ నీటి పసుపురంగును, లెదర్ పగడాలు పక్కవాటి మీద వదిలే విషాలను పీల్చుకుంటుంది. మెత్తటి పగడాల ట్యాంకుకు దీన్ని తప్పనిసరి కిందే లెక్కేయండి. ఫాస్ఫేట్ తీసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు పరీక్షలో అవసరం కనిపించాకే. సంప్‌లో బ్యాక్టీరియా కోసం వేసే బయోబాల్స్, సిరామిక్ ముక్కలు, సూక్ష్మజీవులను చంపే యూవీ లైటు వీటి మీద మొదటి ఏడాది డబ్బు పెట్టకండి. నీటిని మరీ శుభ్రం చేయాలన్న తాపత్రయం కూడా ప్రమాదమే. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే హాయిగా ఉండవచ్చు. రెండూ సున్నాకు దిగితే పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్‌లు అనే సూక్ష్మజీవులు గోధుమరంగు జిగురుగా ఇసుక మీద పరుచుకుంటాయి, వాటిని వదిలించుకోవడం నాచును వదిలించుకోవడం కంటే కష్టం.

వంటింటి ఆర్‌వో నీళ్లు ఈ పనికి సరిపోతాయా అని అడుగుతుంటారు. వాటిలో చాలావరకు రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే వాల్వుతో వస్తాయి. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. రీఫ్‌కు కావలసింది సున్నా, అంటే ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ కూడా. బోరు నీటికి ఇది ఇంకా ముఖ్యం.

వేడి, కరెంటు

మనకు అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. రీఫ్‌కు 24 నుంచి 27 డిగ్రీలు అనుకూలం. నీటిలో మునిగి ఉన్న పంపు ఎన్ని వాట్లు తింటే దాదాపు అంతా వేడిగా నీటిలోకే వస్తుంది. లీటరు నీరు ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్ల వేడి తీసుకుపోతుంది. 30 వాట్ల పంపు రోజంతా వదిలే వేడి దాదాపు అంతే. అంటే మీ పంపులన్నీ కలిపి 90 వాట్లు అయితే, వాటి వేడి ఒక్కటి తీయడానికే రోజుకు మూడు లీటర్లకు పైగా ఆవిరి కావాలి. పంపు ఎంచుకునేటప్పుడు లీటర్లతో పాటు వాట్లు కూడా చూడమనేది అందుకే. పనికి 15 వాట్లు తినే డీసీ పంపు, అదే పనికి 40 వాట్లు తినే పాత ఏసీ పంపు పక్కపక్కన పెడితే ధరలో తేడా చిల్లర్ బిల్లులో తేలిపోతుంది.

హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీద చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. విశాఖలో, కాకినాడలో గాలిలోనే తేమ, ఫ్యాను అంతగా పనిచేయదు. అక్కడ చిల్లరో ఏసీ గదో తప్పదు. ఫ్యాను పెట్టినా ఆవిరైన మేరకు మంచినీరు, అంటే ఆర్‌వో డీఐ నీరు, రోజూ పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కదా. ఆ నీటిని తనంతట పోసే ఆటో టాప్ ఆఫ్ ఒకటి పెడితే ఊరెళ్లినా నిశ్చింత. చిల్లర్‌ను మాత్రం ట్యాంకు అరలో మూసి పెట్టకండి, తాను వదిలిన వేడినే మళ్లీ పీల్చుకుంటుంది.

కరెంటు కోతకు ఇన్వర్టర్ మీద మొత్తం ట్యాంకును నడపాలని చూడకండి. ఒక్క వేవ్‌మేకర్ చాలు. ఉపరితలం కదులుతుంటే చేపలకు ఆక్సిజన్ అందుతుంది, రాళ్లలోని బ్యాక్టీరియా బతుకుతుంది. 15 వాట్ల పంపు ఎనిమిది గంటలకు తినేది 120 వాట్ అవర్లు. ఇళ్లలో ఉండే 150 యాంపియర్ అవర్ బ్యాటరీకి అది లెక్కలోకి రాదు. ఇన్వర్టర్ చదరపు తరంగం రకమైతే ఏసీ పంపులు వేడెక్కి మూలుగుతాయి. సైన్ వేవ్ రకం తీసుకోండి, లేదా ఆ ఒక్క పంపైనా డీసీది పెట్టుకోండి. రిటర్న్, స్కిమ్మర్, చిల్లర్ కరెంటు వచ్చాకే నడవనివ్వండి. కరెంటు వచ్చాక స్కిమ్మర్ రిటర్న్ కంటే పది నిమిషాలు ఆలస్యంగా మొదలైతే మేలు. పై నుంచి దిగిన నీటితో సంప్ మట్టం పెరిగి ఉంటుంది, వెంటనే మొదలైతే కప్పులోని మురికంతా పొంగి సంప్‌లో పడుతుంది.

ఎవరికి ఏది

అద్దె ఇల్లు, తొలి ట్యాంకు, మెత్తటి పగడాలు: ఆల్ ఇన్ వన్ 80–100 లీటర్లు, వేగం మార్చగల డీసీ వేవ్‌మేకర్ ఒకటి, వెనక అరలో దూది, కార్బన్. స్కిమ్మర్ లేకుండా మొదలుపెట్టి, వారానికి పదో వంతు నీరు మార్చండి.

సొంత ఇల్లు, మన నాలుగడుగుల ట్యాంకు, మెత్తటి పగడాలు, ఆరేడు చేపలు: రెండు రంధ్రాల హెర్బీ, సంప్, 400 లీటర్ల స్కిమ్మర్, రెండు డీసీ వేవ్‌మేకర్లు చెరో 4,000 లీటర్లవి సగం వేగంతో. చీటోమార్ఫాకు అర ఒకటి ఖాళీగా ఉంచి ఆరు నెలల తర్వాత అవసరం చూసి నింపండి. డబ్బు చాలకపోతే స్కిమ్మర్‌ను రెండు నెలలు వాయిదా వేయండి, వేవ్‌మేకర్లను కాదు. ఆ రెండు నెలలు రాళ్లలో బ్యాక్టీరియా స్థిరపడటానికి ఎలాగూ కావాలి, చేపలు అప్పటికి ఒకటో రెండో ఉంటాయి.

విదేశాల్లో ఉండి అక్రోపోరాల మీద మనసు పడినవారు ఇదే ట్యాంకుకు జైర్ ఒకటి, ఎదురుగా ప్రొపెల్లర్ పంపు ఒకటి కలిపి పెట్టుకుంటే 10,000 లీటర్లు దాటవచ్చు. స్కిమ్మర్, రెఫ్యూజియం రెండూ పెట్టుకోండి. అలాంటి ట్యాంకులో సున్నం త్వరగా పేరుకుంటుంది. పంపులను మూడు నెలలకోసారి తీసి, సగం వెనిగర్ సగం నీళ్లలో అరగంట నడపండి. ఏ పంపు కొన్నా దానికి విడి ఇంపెల్లర్ దొరుకుతుందో లేదో అడిగి, దొరికితే పంపుతో పాటే ఒకటి కొని పెట్టుకోండి.